పెళ్లి జొన్నవాడలో, కాగితం ఎక్కడా లేదు: కువైట్‌కి కావాలంటున్నారు, ఏం చెయ్యాలి?

పెన్నా ఒడ్డు | రాత్రి 9:42
అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గర. 2022 మేలో జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో నాకు పెళ్లయింది. పెళ్లయిన పదిహేను రోజులకే కువైట్ ఫ్లైటు ఎక్కాను, రిజిస్ట్రేషన్ సంగతి ఇంట్లో ఒక్కరికి కూడా తట్టలేదు. ఇప్పుడు కంపెనీ వాళ్లు ఫ్యామిలీ వీసా పెడతాం, మ్యారేజ్ సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించి పంపు అన్నారు. సెలవు ఇంకా 26 రోజులే ఉంది. మా ఆవిడ పేరు పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో వెంకట సుప్రజ, ఆధార్‌లో మాత్రం ఉత్త సుప్రజ. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1, మెమోలో ఆగస్టు. ఒకాయన ఎనిమిది వేలిస్తే మనిషి రాకుండానే పని అయిపోతుందంటున్నాడు. ఇచ్చేయమంటారా?

కావలి కుర్రోడు | రాత్రి 9:50
ఇయ్యొద్దన్నా!! మనిషి రాకుండా అయ్యేది పెళ్లి సర్టిఫికెట్ కాదు, ఇంకేదో.

ఒంగోలు లాయరమ్మ | రాత్రి 10:31
కావలి తమ్ముడు సరిగ్గా చెప్పాడు. హిందూ వివాహ రిజిస్ట్రేషన్‌కి భార్యాభర్తలు ఇద్దరూ, ముగ్గురు సాక్షులూ సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకాలు పెట్టాలి. మనుషులు రాకుండా తెచ్చిన కాగితం ఎంబసీ దాకా పోయాక దొంగదని తేలితే నీ వీసా, ఉద్యోగం రెండూ పోతాయి, ఆ ఎనిమిది వేలాయన ఫోను అప్పుడు స్విచాఫ్ వస్తుంది.

ముందు ఒక భయం వదిలెయ్యి. మూడేళ్లు దాటిందని పెళ్లి చెల్లకుండా పోదు. హిందూ వివాహ చట్టం 1955లో 8వ సెక్షన్ రిజిస్ట్రేషన్ గురించే. పెళ్లిని రిజిస్టరులో ఎక్కించకపోయినా దాని చెల్లుబాటు పోదని అందులోనే రాసుంది. రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసుకోవచ్చు, చేయించనివాళ్లకు జరిమానా 25 రూపాయల దాకా వేయొచ్చు అని కూడా ఉంది, 1955 నాటి 25 రూపాయలు లెండి. మన రాష్ట్రంలో 2002లోనే అన్ని మతాల పెళ్లిళ్లకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ వేరే చట్టం తెచ్చారు. సుప్రీంకోర్టు దేశమంతా అలాగే చెయ్యాలని చెప్పింది ఆ తర్వాతే, 2006 ఫిబ్రవరి 14న. ప్రేమికుల రోజున ఇచ్చిన తీర్పు అని మా సీనియర్ నవ్వేవారు.

పెళ్లి జరిగిన ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో అక్కడికి పో. శుభలేఖ, పెళ్లి ఫోటో, ఇద్దరి వయసుకు, అడ్రసుకు రుజువులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు పెట్టుకో. గుడిలో అయింది కాబట్టి దేవస్థానం రశీదు ఉంటే నీ పని సగం అయినట్టే. వయసుకు ఆధార్ కాదు, పదో తరగతి మెమో పెట్టు.

పెన్నా ఒడ్డు | రాత్రి 10:44
థాంక్స్ అక్కా. రశీదు మా మామ దగ్గర ఉందో లేదో. శుభలేఖలో సుప్రజ అనే ఉంది. అదేమన్నా అడ్డమా?

ఒంగోలు లాయరమ్మ | రాత్రి 11:02
శుభలేఖ అడ్డం కాదు, దాంట్లో ముద్దుపేర్లు కూడా వేస్తుంటారు, అది వాళ్లకూ తెలుసు. సర్టిఫికెట్‌లో పేరు మాత్రం పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే రావాలి. ఆధార్‌ని మెమో చూపించి ముందే సరిచేయించు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒక్కసారే మార్చనిస్తారు, పేరు రెండుసార్లు. కాబట్టి సెంటర్‌లో కుర్రాడు కొడుతుంటే పక్కనే నిలబడి చూడు, టీకి పోవద్దు.

పొదిలి మాస్టారు | ఉదయం 6:15
ఈ చర్చ చూసి ధైర్యం వచ్చి రాస్తున్నాను. నేను రిటైర్డ్ టీచర్ని. మా పెళ్లి 1987లో మా అత్తగారి ఊళ్లో ఇంటి ముందు పందిట్లో జరిగింది. మా అబ్బాయి ఆస్ట్రేలియాలో ఉంటాడు, మీ ఇద్దరికీ వీసా పెట్టాలి, పెళ్లి సర్టిఫికెట్ పంపండి నాన్నా అన్నాడు. మా ఆవిడకి చెబితే ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశాక ఇప్పుడు ఎవరికి రుజువు చూపాలంట అని వంటింట్లోకి పోయింది. శుభలేఖ లేదు. ఉన్నది ఒకే ఒక్క ఫోటో, అందులో ఆవిడ తల వంచుకుని ఉంది, పాపిట బిళ్ల తప్ప మొహం కనపడదు. ఇట్లాంటివి రిజిస్టర్ చేస్తారా?

ఒంగోలు లాయరమ్మ | ఉదయం 8:20
చేస్తారు మాస్టారూ. హిందూ వివాహ చట్టం కింద ఇన్నేళ్లలోపే చేయించుకోవాలన్న గడువు లేదు. సర్టిఫికెట్‌లో పెళ్లి తేదీ వేరే, రిజిస్టర్ చేసిన తేదీ వేరే రాస్తారు. శుభలేఖ లేనివాళ్ల దగ్గర అఫిడవిట్ తీసుకుంటారు. మీకు అసలు పని సాక్షులతోనే. 1987లో ఆ పందిట్లో ఉన్నవాళ్లు ముగ్గురు దొరికితే చాలా మంచిది. మీ సర్వీసు పుస్తకంలో భార్య పేరు, రేషన్ కార్డు, అబ్బాయి మెమోలో తల్లిదండ్రుల పేర్లు, అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. అమ్మగారికి చెప్పండి, రుజువు మీ కాపురానికి కాదు, వీసా ఇచ్చేవాడికి అని.

డాలస్ నెల్లూరోడు | ఉదయం 8:55
మంచి టైంలో పడింది ఈ థ్రెడ్. మా చెల్లికి గత నెల మాగుంట లేఅవుట్‌లో నిశ్చితార్థం అయింది, పెళ్లి ఫిబ్రవరిలో. అబ్బాయి ఇక్కడే హెచ్1బీ మీద ఉన్నాడు. వీసా స్లాట్లు దొరకట్లేదు, ఇప్పుడే రిజిస్ట్రేషన్ చేయించేస్తే సర్టిఫికెట్ పెట్టి భార్యకిచ్చే హెచ్4 వీసాకి అప్లై చేసుకుంటాం, ముహూర్తానికి పెళ్లి ఎట్లాగూ చేసుకుంటాం అంటున్నారు వాళ్లు. మా ఫ్రెండ్స్‌లో ముగ్గురు నలుగురు ఇట్లాగే చేశారు. ఇది ఓకేనా?

కావలి కుర్రోడు | ఉదయం 9:01
మా కజిన్ కూడా అంతే చేశాడు, ఏం కాలేదే.

ఒంగోలు లాయరమ్మ | మధ్యాహ్నం 1:40
కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. దీనికి కాస్త పెద్దగానే చెప్పాలి, ఎందుకంటే వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు, నేను వద్దంటే మొహం మాడ్చుకుని ఇంకొకరి దగ్గరికి పోతున్నారు.

హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ మీకు పెళ్లి చెయ్యడు. జరిగిపోయిన పెళ్లిని పుస్తకంలో ఎక్కిస్తాడు, అంతే. పెళ్లి ఎట్లా జరగాలో 7వ సెక్షన్ చెబుతుంది: ఇద్దరిలో ఎవరో ఒకరి వైపు ఆచారం ప్రకారం, ఆ తంతు ప్రకారం. సప్తపది ఆచారం ఉన్నవాళ్లకు ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు. ఇంకా జరగని పెళ్లికి ఫలానా తేదీన జరిగింది అని రాసి సంతకం పెడితే అది అబద్ధం, ఆ ముగ్గురు సాక్షులు చెప్పేదీ అబద్ధమే.

2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇదే వచ్చింది. ఇద్దరూ పైలట్లు. 2021లో ఒక సంస్థ దగ్గర పెళ్లయినట్టు కాగితం తీసుకుని దాని మీద రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నారు, అసలు ముహూర్తం 2022లో పెట్టుకున్నారు. ఈలోపే చెడింది. తంతు ఏదీ జరగలేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ బెంచ్, ఆచారం ప్రకారం పెళ్లి జరగనప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నా అది పెళ్లే కాదని ఆ సర్టిఫికెట్‌ని కొట్టేసింది. వీసా కోసం ఇట్లా ముందే రిజిస్టర్ చేయించుకోవడం గురించి ఆ తీర్పులో గట్టిగానే రాశారు.

రేపు నిశ్చితార్థం చెడితే మీ చెల్లి పెళ్లయినదా కానిదా? కోర్టుకు పోకుండా ఆ ప్రశ్నకు జవాబు రాదు. చెడకపోయినా కాగితంలో ఒక తేదీ, ఫోటోల్లో, శుభలేఖలో ఇంకో తేదీ ఉంటే వీసా ఇంటర్వ్యూలో అడుగుతారు.

డాలస్ నెల్లూరోడు | మధ్యాహ్నం 2:05
అంటే దారే లేదా మేడం? వాళ్లు తొందర పెడుతున్నారు, మాకు ఫుల్ టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు లాయరమ్మ | మధ్యాహ్నం 2:30
రెండు దార్లున్నాయి. పురోహితుణ్ణి పిలిచి గుడిలో దగ్గరవాళ్ల మధ్య జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, సప్తపది అన్నీ నిజంగా జరిపించి, ఆ తేదీతో రిజిస్టర్ చేయించండి, ఫిబ్రవరిలో మీరు చేసేది విందు అనుకోండి. మా నాయనమ్మ లాంటివాళ్లు రెండుసార్లు తాళి కట్టడమేంది అంటారు, అది మీరు మీరు తేల్చుకోవాలి. రెండోది ప్రత్యేక వివాహ చట్టం 1954. దాని కింద మాత్రం ఆఫీసరు ముందే పెళ్లి జరుగుతుంది, తంతుతో పని లేదు. కానీ నోటీసు ఇచ్చిన రోజు నుంచి 30 రోజులు ఆగాలి, నోటీసుకు ముందు ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండాలి, నోటీసు మూడు నెలలే పనిచేస్తుంది. అబ్బాయి సెలవు లెక్కేసుకోండి.

కావలి కుర్రోడు | మధ్యాహ్నం 2:34
మా కజిన్‌కి ఈ పోస్టు పంపాను. చూశాడు, రిప్లై లేదు 😶

కనిగిరి కోడలు | సాయంత్రం 4:10
అక్కా నాదొక డౌటు, నవ్వొద్దు. నన్ను మా సొంత మేనమామకే ఇచ్చారు. మా వైపు ఇది మామూలే, మా అమ్మమ్మ కూడా అట్లాగే. రిజిస్ట్రేషన్‌కి పోతే ఆఫీసులో ఒకాయన దగ్గర చుట్టాలైతే చట్టం ఒప్పుకోదమ్మా అన్నాడు. భయపడి వెనక్కి వచ్చేశాం. ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు మాకు.

ఒంగోలు లాయరమ్మ | సాయంత్రం 5:25
ఎందుకు నవ్వుతానమ్మా, ఈ జిల్లాల్లో సగం ఇళ్లు అట్లాంటివే. ఆయన సగం చదివి చెప్పాడు. నిషేధించిన బంధుత్వాల్లో మేనమామ, మేనకోడలు ఉన్న మాట నిజం. ఆ మాటకొస్తే అన్నాచెల్లెళ్ల పిల్లలు కూడా అందులోనే ఉన్నారు, అంటే మనం వరసైనవాళ్లు అని చేసుకునే మేనబావ, మేనమరదలు కూడా. కానీ 5వ సెక్షన్ నాలుగో షరతు చివర, ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే తప్ప అని మినహాయింపు ఉంది. ఆ ఒక్క వాక్యం మీదే మన మేనరికాలన్నీ నిలబడి ఉన్నాయి. మీ రెండు వైపులా తరతరాలుగా వస్తున్న ఆచారం కదా, మీ పెళ్లి చెల్లుతుంది. ఈసారి పెద్దవాళ్లలో ఇట్లాంటి పెళ్లి చేసుకున్న ఒకరిని సాక్షిగా తీసుకుని పో. మళ్లీ కాదంటే కారణం రాసిమ్మని అడుగు.

పిల్లల ఆరోగ్యం గురించి డాక్టర్లు చెప్పేది వేరే విషయం, రేపు మీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి అది కూడా ఆలోచించండి.

కనిగిరి కోడలు | సాయంత్రం 5:31
🙏🙏 మా అమ్మమ్మనే తీసుకుపోతా. ఆమె మాట్లాడితే ఆయనే పారిపోతాడు.

నవాబుపేట భాయ్ | రాత్రి 7:48
ముస్లింల సంగతి కూడా రాద్దామని. మాకు నిఖా అయినప్పుడే ఖాజీ పుస్తకంలో వధూవరులు, వకీలు (అంటే పెళ్లికూతురి తరఫు పెద్ద), సాక్షులు అందరి సంతకాలు తీసుకుంటారు, మెహర్, అంటే పెళ్లికొడుకు ఆమెకిచ్చే సొమ్ము, ఎంతో కూడా అందులో ఉంటుంది. నేను సౌదీకి పోయేటప్పుడు ప్రభుత్వ ఖాజీ రికార్డు మీద వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లీషు సర్టిఫికెట్ తీసుకున్నాను. జాగ్రత్త పడాల్సింది ఒకటే, నిఖా చదివిన ఆయన ప్రభుత్వ ఖాజీ తరఫున రికార్డు రాసే మనిషా కాదా అని ముందే కనుక్కోవాలి. ఉర్దూలో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా పడే గొడవ మాకు కూడా ఉంది. పెన్నా ఒడ్డు అన్నా, నీ కష్టం నాకు బాగా తెలుసు.

దోర్నాల దారి | రాత్రి 8:30
మార్కాపురం వైపు మాది. నేను హిందువు, మా ఆవిడ క్రిస్టియన్. రెండేళ్ల కిందట చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేసి పెళ్లి చేశారు, ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, రంగులతో బాగుంది, బైబిల్ వాక్యం కూడా ఉంది. బ్యాంకులో జాయింట్ హౌస్ లోనుకి పెడితే లీగల్ వాళ్లు ఇది కుదరదు అన్నారు. పాస్టరు గారికి లైసెన్సు ఉందా అని అడిగారట. ఆయనని అడిగితే బాధపడ్డారు.

ఒంగోలు లాయరమ్మ | రాత్రి 9:15
బాధపడేలా అడగకూడదు గానీ అడగాల్సిన ప్రశ్నే అది. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. దాని ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రిస్టియన్ అయినా పెళ్లి జరపొచ్చు, కానీ జరిపేవాళ్లకు ఆ చట్టం కింద అధికారం ఉండాలి. ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టు సంఘాల్లాంటి పాత మిషన్ చర్చిల్లో వివాహ రిజిస్టరు పద్ధతిగా రాస్తారు, లైసెన్సున్న పాస్టర్లుంటారు. ఈమధ్య పుట్టిన చిన్న ప్రార్థనా మందిరాల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. హిందూ చట్టం కింద మీది రిజిస్టర్ కాదు, దానికి ఇద్దరూ హిందువులే అయి ఉండాలి, అందులో బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా వస్తారనుకోండి.

మీకు బాగా కుదిరేది ప్రత్యేక వివాహ చట్టం. వేరే పద్ధతిలో జరిగిన పెళ్లిని 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, దానికీ నోటీసు, 30 రోజుల గడువు ఉంటాయి. లైసెన్సు సంగతి తేలకపోతే అదే చట్టం కింద కొత్తగా పెళ్లి చేసుకోవడం ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఒక మాట మాత్రం ఎవరూ చెప్పరు, నేను చెబుతా. ఇట్లా మతాలు వేరైనవాళ్లు ఈ చట్టం కిందికి వస్తే వాళ్ల ఆస్తికి వారసత్వం భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది, హిందువైన మనిషి ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. ఇద్దరూ హిందువులే అయితే 1976 సవరణ తర్వాత ఇది వర్తించదు. మీకు ఊళ్లో ఉమ్మడి పొలం ఉంటే సంతకానికి ముందు మీ నాన్నగారితో కూర్చుని మాట్లాడండి.

దోర్నాల దారి | రాత్రి 9:22
మా నాన్న నాతో మాట్లాడి రెండేళ్లయింది మేడం. పొలం పేరు చెప్పి అయినా ఫోన్ చేస్తా.

సూళ్లూరుపేట లోకల్ | రాత్రి 9:58
మా ఫ్రెండు చెన్నైలో దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నాడు, పంతులు లేడు. అక్కడ అది చెల్లుతుందంట కదా?

ఒంగోలు లాయరమ్మ | రాత్రి 10:10
తమిళనాడులో చెల్లుతుంది. 1967లో వాళ్లు హిందూ వివాహ చట్టంలో 7ఏ అని సెక్షన్ చేర్చుకున్నారు, బంధుమిత్రుల ముందు దండలో ఉంగరాలో మార్చుకున్నా చాలు. ఆ సెక్షన్ మన ఆంధ్రాలో లేదు. సరిహద్దులో తడ దాటి అవతల దండలు మార్చుకుంటే పెళ్లి, ఇవతల అదే పని చేస్తే ఫోటో. ఆయన్ని అక్కడే రిజిస్టర్ చేయించుకోమనండి.

చీరాల నేత | ఉదయం 7:30
మాకు సర్టిఫికెట్ 2019లో ఇచ్చారు, ప్రకాశం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్‌లో చీరాల బాపట్ల జిల్లాలోకి పోయింది. ఇప్పుడు ఆధార్‌లో బాపట్ల, సర్టిఫికెట్‌లో ప్రకాశం. మార్పించాలా?

ఒంగోలు లాయరమ్మ | ఉదయం 8:05
అక్కర్లేదు. ఆ రోజు ఏ జిల్లా అయితే అదే ఉండాలి, రికార్డు అంటే అదే కదా. అడిగినవాళ్లకు 2022 మార్పు సంగతి చెప్పండి చాలు.

పెన్నా ఒడ్డు | మధ్యాహ్నం 3:20
అప్‌డేట్ ఇస్తున్నా. ఆధార్ సరిచేయించడం అయింది. గుడి రశీదు మా మామ బీరువాలో పట్టుచీర మడతలో దొరికింది. మా ఊళ్లో సచివాలయంలో కూడా మ్యారేజ్ సర్టిఫికెట్ ఇస్తారన్నారు, అది తీసుకుంటే సరిపోదా, దగ్గర కదా?

గల్ఫ్ బాబాయ్ | సాయంత్రం 6:12
అబయా, పద్దెనిమిదేళ్లు కువైట్‌లో ఉండి వచ్చినోణ్ణి, నా మాట విను. సచివాలయంలో ఇచ్చేది 2002 చట్టం కింద, అది తప్పేం కాదు, మన ఊళ్లో పనులకు బాగానే పనికొస్తుంది. విదేశానికి మాత్రం అటెస్టేషన్ ఏజెన్సీని ముందే అడిగి వాళ్లు ఏది తీసుకుంటారంటే అది తెచ్చుకో, రెండుసార్లు తిరిగే టైము నీకు లేదు. నేను సబ్ రిజిస్ట్రార్ దగ్గరదే తీసుకున్నా. ఇంకోటి, చానామంది అపోస్టిల్, అంటే ఎంబసీతో పనిలేకుండా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, చేయిస్తే చాలంటారు. అది హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకే. కువైట్ అందులో లేదు. ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్టేషన్, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ, ఆపైన కువైట్ ఎంబసీ ముద్ర, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర. నవాబుపేట భాయ్ చెప్పిన సౌదీ సంగతి వేరే, వాళ్లు 2022లో ఒప్పందంలో చేరారు. ఒరిజినల్ లామినేషన్ మాత్రం చేయించబాక, ముద్ర వెయ్యరు. నేను 2009లో అట్లా చేసి నెల రోజులు తిరిగినా.

పెన్నా ఒడ్డు | నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం 5:47
అయిపోయింది!! సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేయించాం. వెబ్‌సైట్‌లో వివరాలు ముందే ఎక్కించుకుని పోయాం. మా మామ, మా పెద్దనాన్న, నా ఫ్రెండు సాక్షులు. ఆఫీసులో కంప్యూటర్ మీద ఉన్న అమ్మాయి ప్రింటు తీసే ముందు ఒకసారి చూసుకోండన్నా అంది. చూస్తే మా ఆవిడ ఇంగ్లీషు పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. లాయరమ్మ టీకి పోవద్దన్నది గుర్తొచ్చి నవ్వొచ్చింది, అక్కడే సరిచేశారు. మొత్తం కలిపి చలానా, ఫోటోలు, అందరికీ భోజనాలు. భోజనాలకే ఎక్కువయింది. ఎల్లుండి అటెస్టేషన్‌కి పంపుతున్నా.

కావలి కుర్రోడు | సాయంత్రం 5:50
సూపర్ అన్నా. ఎనిమిది వేలు మిగిలాయి, పార్టీ ఎప్పుడు?

పొదిలి మాస్టారు | రాత్రి 8:40
నా సంగతి కూడా రాస్తాను. 1987 పందిట్లో ఉన్నవాళ్లను లెక్క వేస్తే పురోహితుడు లేరు, మా నాన్న లేరు, వీడియో అన్నది మా రోజుల్లో లేనే లేదు. మా స్కూల్లో కలిసి పనిచేసిన మిత్రుడు ఒకరు, మా పక్కింటి ఆవిడ ఒకరు దొరికారు. మూడో మనిషి మా బావమరిది. గట్టు తగాదా మీద ఆయనకూ నాకూ పన్నెండేళ్లుగా మాటల్లేవు. మా ఆవిడే ఫోన్ చేసింది. అవతల నుంచి ఆయన ఏమన్నాడో నాకు తెలియదు, ఈవిడ మాత్రం కాళ్లు కడిగింది నువ్వే కదరా, నువ్వు కాకపోతే ఎవరు చెబుతారు అంది. సోమవారం తొమ్మిదింటి బస్సుకి అందరం కలిసి పోతున్నాం. లాయరమ్మా, ఒక్క సందేహం: ఆయన ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తప్పుంది, సాక్షికి ఫరవాలేదా?

ఒంగోలు లాయరమ్మ | రాత్రి 8:58
సాక్షికి ఫరవాలేదు మాస్టారూ. ఓటరు కార్డు కూడా తెచ్చుకోమనండి. బస్సులో పక్క పక్క సీట్లు తీసుకోండి.